ప్రతిజ్ఞ సరే, పడుకునే చోటేది?

ఏటా జూన్ 26న మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఒకే నాటకం నడుస్తుంది. వేదిక మీద ఒక పోలీసు అధికారి, ఒక డాక్టరు, ఒక వైస్ ఛాన్సలర్. కింద పిల్లలు చెయ్యి ముందుకు చాపి మత్తుకు దూరంగా ఉంటామని ప్రతిజ్ఞ చేస్తారు. ఫొటో దిగుతారు. ఆ ఫొటో సాయంత్రానికి వెబ్‌సైటులోకి, కొన్నాళ్ళకు న్యాక్ ఫైల్లోకి చేరుతుంది. ఐక్యరాజ్య సమితి 1987లో ఆ తేదీని మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా ప్రకటించింది కాబట్టి ఈ తంతు.

మనకు జూన్ 26 అంటే సాహూ మహారాజ్ జయంతి. 1874లో ఆ రోజున పుట్టాడు. కొల్హాపూర్ సంస్థానంలో సగం ఉద్యోగాలు వెనకబడిన కులాలకు కేటాయిస్తూ 1902లో ఉత్తర్వు ఇచ్చిన మనిషిగా ఆయన మనందరికీ తెలుసు. హాస్టళ్ళు పెట్టించిన మనిషిగా అంత తెలియదు. పల్లె నుంచి పట్నానికి చదువుకోను వచ్చిన కింది కులాల పిల్లవాడికి తెలివి కంటే ముందు తల దాచుకునే చోటు కావాలని, వేళకు ముద్ద కావాలని ఆయనకు అర్థమైంది. ఒకే తేదీ, రెండు దారులు. ఒక దారిలో ప్రతిజ్ఞ, ఇంకో దారిలో గది. మన యూనివర్సిటీలు మొదటిది ఎంచుకున్నాయి. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటే ఒక మాట. గంజాయిని వెనకేసుకొచ్చే వ్యాసం కాదు ఇది. గంజాయి తాగితే ఆలోచన విచ్చుకుంటుందని, తిరుగుబాటు దగ్గరపడుతుందని చెప్పేవాళ్ళకు కూడా రెండు మాటలు బాకీ ఉన్నాను, వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను. నేను రాస్తున్నది మానాలనుకుంటున్న వాళ్ళ గురించి. చదువు చేజారుతోందని తెలిసి, ఎట్లాగైనా నిలబెట్టుకోవాలని రోజూ పెనుగులాడుతున్న మన పిల్లల గురించి. వాళ్ళ కోసం పోలీసు దగ్గర సెక్షన్ ఉంది, ప్రొఫెసరు దగ్గర తీర్పు ఉంది, మన ఉద్యమం దగ్గర ఉపన్యాసం ఉంది. సాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నా పరిశోధన సూరత్‌లోని బమ్రోలిలో సాగుతోంది. ఉధ్నా, పాండేసరాల పక్కన ఉంటుంది ఆ ప్రాంతం. మన ఇళ్ళల్లో సూరత్ అంటే చీరల మార్కెట్. ఆ చీరల గుడ్డ నేసే పవర్‌లూమ్ షెడ్లు ఇట్లాంటి బస్తీల్లోనే ఉంటాయి. పనివాళ్ళలో ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్ళు ఎక్కువ. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ మీదుగా వచ్చి తరాలుగా స్థిరపడిన తెలంగాణ కుటుంబాలూ తక్కువేం కాదు. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం ప్రాథమిక బడులు నడుపుతుందంటే అర్థం చేసుకోండి. సూరత్ తెలుగువాళ్ళు అనగానే పద్మశాలీలని అందరూ అనేస్తారు. వాళ్ళ వెనకే బీములు మోయడానికి, బేళ్ళు ఎత్తడానికి, రంగు మిల్లుల్లో పనికి వచ్చిన మాల మాదిగ కుటుంబాల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నా థీసిస్ వాళ్ళ గురించి.

పవర్‌లూమ్ షెడ్డులో షిఫ్టు అంటే పన్నెండు గంటలు. చాలా షెడ్లు ఫ్యాక్టరీలుగా కాకుండా దుకాణాలుగా నమోదై ఉంటాయి, కాబట్టి ఫ్యాక్టరీ చట్టం గుమ్మం బయటే ఆగిపోతుంది. 2025లో గుజరాత్ ప్రభుత్వం ఆ చట్టాన్నే సవరించి, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంచి, రోజుకు పన్నెండు గంటల పనికి దారి ఇచ్చింది. అంటే ఇన్నాళ్ళూ దొంగచాటుగా నడిచిన దానికి ఇప్పుడు రాజముద్ర పడింది. లోపల మగ్గాల మోత ఎట్లా ఉంటుందంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. షిఫ్టు దిగి గదికి వస్తే ఆ గదిలో పగటి షిఫ్టు వాళ్ళు లేచిన చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకుంటారు. చాప చల్లబడే సమయం ఉండదు. గోడ అవతల ఇంకో షెడ్డు, ఇంకో మోత.

ఒక విడ్డూరం చెప్పి ముందుకు పోతాను. ఇదే బమ్రోలిలో సూరత్ కార్పొరేషన్ మురుగునీటిని శుద్ధి చేసి పాండేసరా మిల్లులకు అమ్మే ప్లాంటు ఉంది. 2014 నుంచి నడుస్తోంది, మంచి పనే. నగరం వదిలేసిన మురుగునీటికి కూడా విలువ కట్టగలిగిన ఈ ఊరు, మనిషి నిద్రకు విలువ కట్టలేకపోయింది.

ఇక్కడే ఒక తమ్ముడు పరిచయమయ్యాడు. పేరు చెప్పను, చదివే విభాగమూ చెప్పను. ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత హైస్కూలు హిందీలో, ఇప్పుడు పీజీ పాఠాలు సగం గుజరాతీలో, సగం ఇంగ్లీషులో. వారానికి నాలుగు రాత్రులు షెడ్డులో పని. పొద్దున ఏడింటికి షిఫ్టు దిగి, పదిన్నరకు క్లాసులో కూర్చోవాలి. పంతొమ్మిదేళ్ళప్పుడు షెడ్డులో ఒక పెద్దాయన చిలిం చేతికిచ్చాడు, నిద్ర పడుతుందని. నిజంగానే పట్టింది. నిద్రమాత్రకు డాక్టరు చీటీ కావాలి, డాక్టరు కోసం పొద్దున లైన్లో నిలబడాలి, ఆ పొద్దున్న కూలీ పోతుంది. చిలింకు ఇవేవీ అక్కర్లేదు. "అక్కా, నేను మత్తు కోసం తాగుతలేను. నిద్ర కోసం తాగుతున్న," అన్నాడు మొదటి రోజే, నేను అడగకముందే. ఎవరో ఒకరు అడుగుతారని అలవాటైపోయినట్టు.

నాలుగేళ్ళలో నిద్ర కోసం మొదలైంది లేవడం కోసం కూడా అయింది. రెండు బ్యాక్‌లాగులు, హాజరు తక్కువ. చదివింది మర్నాటికి ఉండటం లేదు. ఎవరూ చెప్పకుండానే మానాలనుకున్నాడు, మూడుసార్లు మానాడు. మూడోసారి పన్నెండు రోజులు ఉన్నాడు. "నిద్ర వస్తలేదు. వస్తే ఏవేవో కలలు, చెమటలు. అమ్మ మీద ఊకెనే అరుస్తున్న. పుస్తకం ముందట కూసుంటే అక్షరాలు కనిపిస్తయి, లోపలికి పోవు." ఐదో రోజు ఇంటర్నల్ పరీక్ష. ఎనిమిదో రోజు రాత్రి మగ్గం దగ్గర కళ్ళు మూతలు పడి చెయ్యి షటిల్ దాకా పోయింది. ఎవరో వెనక్కి లాగారు కాబట్టి వేళ్ళు ఉన్నాయి. పదమూడో రోజు మళ్ళీ తాగాడు. ఆ పదమూడో రోజును బలహీనత అనేవాళ్ళతోనే నా పేచీ.

ఆ పన్నెండు రోజుల్లో వాడి ఒంట్లో ఏం జరిగిందో వైద్యశాస్త్రానికి తెలుసు. గంజాయి మానినప్పుడు శరీరం ఎదురు తిరుగుతుందన్న సంగతిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో చేర్చింది. చిరాకు, ఆందోళన, నిద్రలేమి, వింత కలలు, ఆకలి చచ్చిపోవడం. మానిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో పతాకస్థాయికి వెళ్ళి, దాదాపు రెండు వారాలు ఉంటాయి. నిద్ర కష్టాలు నెల దాటి కూడా పోవచ్చు. దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. కౌన్సెలింగ్, వేళ పట్టించే పద్ధతులు, పక్కన ఒక మనిషి, ఇవే చికిత్స. అందరికీ ఇంత కష్టం ఉండదు. రోజూ తాగేవాళ్ళకు, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళకు ఎక్కువ. మరో సంగతి కూడా ఉంది, చిలిం చేతికిచ్చే పెద్దాయనలు ఇది చెప్పరు. పడుకునేముందు తాగే గంజాయి మొదట్లో నిద్ర తెచ్చినా, కొన్నాళ్ళకు అది లేకపోతే నిద్రే రాని స్థితికి తెస్తుంది. నిద్ర కోసం తీసుకున్న అప్పు అది, వడ్డీ కూడా నిద్రతోనే కట్టాలి.

అంటే మానడానికి మనిషికి కావలసింది రెండు మూడు వారాల రాత్రులు. కోపం వస్తే సర్దుకునే ఇల్లు. ఆకలి లేకపోయినా పెట్టే చెయ్యి. పరీక్ష వాయిదా వేసుకునే వీలు. డబ్బున్న యూనివర్సిటీల్లో ఇదే అలవాటు ఉన్న పిల్లలు మానడం లేదా? మానుతున్నారు. ఒక సెమిస్టరు ఇంటికి పోతారు, ఆరోగ్యం బాగాలేదంటారు, నగరంలో పేరున్న సైకియాట్రిస్టు దగ్గర కూర్చుంటారు, తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేస్తారు. వాళ్ళ ఫైల్లో ఆ మాట కూడా ఉండదు. వాళ్ళ పదమూడో రోజు ఏసీ గదిలో గడిచింది కాబట్టి దాన్ని సంకల్పబలం అన్నారు. మనవాడి పదమూడో రోజు మగ్గం పక్కన గడిచింది. పద్నాలుగు రోజుల కూలీ పోగొట్టుకోగలిగినవాడికే సంకల్పం ఉంటుందంటే, సంకల్పం అన్నది జీతంతో కూడిన సెలవుకు ఇంకో పేరు.

చదువు సంగతికి వద్దాం. ఆ పిల్లవాడి మతిమరుపుకు కారణం ఏది? గంజాయి జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. కొన్ని వారాలు మానితే చాలామందిలో అది మెరుగుపడుతుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. అయితే నాలుగు గంటల నిద్రతో క్లాసులో కూర్చున్న ఎవరికైనా మతిమరుపు వస్తుంది. మూడో భాషలోంచి నాలుగో భాషలోకి నోట్సు రాసుకునేవాడికి, పక్కవాడికి అరగంట పట్టే పేజీ రెండు గంటలు పడుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూసే ఓపిక ఏ విభాగంలోనూ కనపడలేదు. గంజాయి అన్న మాట బయటపడగానే మిగతా కారణాలన్నీ మాయమవుతాయి. అప్పటిదాకా బోధనలో లోపమేమో, భాషలో అడ్డమేమో అని సందేహించాల్సినవాళ్ళకు పెద్ద బరువు దిగిపోతుంది. వీళ్ళింతే అన్న పాత మాటకు కొత్త సాక్ష్యం దొరుకుతుంది. రిజర్వేషన్ పిల్లలు చదవలేరని నోటితో అనలేని రోజుల్లో, రిజర్వేషన్ పిల్లలు గంజాయి తాగుతారనడం ఎంత సులువో చూడండి.

నాకు తెలిసిన ఒక విశ్వవిద్యాలయంలో మత్తు నివారణ పేరుతో హాస్టళ్ళు సోదా చేశారు. ఏ బ్లాకుతో మొదలుపెట్టారో చెప్పనక్కర్లేదు. తర్వాత మూత్ర పరీక్షలు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. చాలామంది అధ్యాపకులు, మనవాళ్ళతో సహా, మంచిదే కదా అన్నారు. మంచిది కాదు. రోజూ తాగే అలవాటున్నవాడు మానేశాక కూడా గంజాయి ఆనవాళ్ళు మూత్రంలో వారాల తరబడి కనిపిస్తాయి. అంటే ఇరవై రోజులుగా పళ్ళు బిగపట్టి మానినవాడు దొరుకుతాడు. వారాంతంలో సారా తాగినవాడు సోమవారం దర్జాగా బయటపడతాడు. మానుతున్నవాడినే పట్టుకునే పరీక్షను మత్తు నివారణ అంటారా? పట్టుబడతానన్న భయం ఉన్నవాడు కౌన్సెలర్ గది తలుపు తడతాడా?

చట్టం మాట. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ కొసలు. కొసలతో కలవని ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలో లేవు. అందుకే ఆకు నూరి చేసే భంగు ఆ చట్టానికి చిక్కదు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలే ఉన్నాయి. హోళీకీ శివరాత్రికీ లోటాలో పోస్తే అది ఆచారం. అదే మొక్క పూతను షెడ్డు వెనక కూలీ కాలిస్తే ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. దగ్గర పెట్టుకుంటే, వెయ్యి గ్రాముల లోపైనా సరే, ఏడాది దాకా. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో, దేశంలో పది నుంచి డెబ్బై ఐదేళ్ళ మధ్య వాళ్ళలో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది ఈ మొక్కను ఏదో రూపంలో వాడుతున్నారని తేలింది. భంగు వాడేవాళ్ళు 2 శాతం, గంజాయి చరస్‌లు వాడేవాళ్ళు 1.2 శాతం. ఎక్కువమంది తాగేది చట్టబద్ధం, తక్కువమంది కాల్చేది నేరం. ఈ దేశంలో ఒకే మొక్కకు కూడా వర్ణాలున్నాయి.

భంగు కంటే పూత మత్తు ఎక్కువ కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, ఎక్కువే. మరి మత్తు మోతాదును బట్టే శిక్ష అయితే సారా లెక్క ఎక్కడ? అదే సర్వేలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం. గంజాయి వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్ళు 72 లక్షల మంది అని కూడా ఆ సర్వేలోనే ఉంది. చట్టవిరుద్ధ మత్తుపదార్థాలకు బానిసలైనవాళ్ళలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది ఇరవైమందికి ఒక్కరు.

ఇక పట్టుబడేది ఎవరు? అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో, సరిహద్దు అవతల కోరాపుట్, మల్కన్‌గిరిల్లో పంట వేసే ఆదివాసీ. మూట మోసే కూలీ. రైల్లో దొరికే కుర్రాడు. ఆపరేషన్ పరివర్తన పేరుతో 2021లో ఆంధ్ర పోలీసులు తోటలు నరికారు, సరే. ఆ కొండల మీద పసుపుకూ కాఫీకీ గంజాయి ఇచ్చే ధర ఎందుకు రాదన్న ప్రశ్న నరకబడలేదు, అట్లాగే నిలబడి ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది. టాల్కమ్ రాళ్ళ పేరుతో తెప్పించుకున్న కంపెనీకి విజయవాడ చిరునామా. ఆ వార్త నెల తిరగకుండా పాతబడిపోయింది. కంటెయినర్లలో వచ్చిన దాని గురించి ఏ ఆడిటోరియంలోనూ ప్రతిజ్ఞ చేయించలేదు.

ఈ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వ్యసనంలో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రికో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రానికో చికిత్సకు వెళితే, వాడకం కేసు నుంచీ, కొద్ది మోతాదు కేసు నుంచీ రక్షణ ఉంటుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా అనారోగ్యంగా గుర్తించి, ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. నేను చూసిన నషా ముక్త్ పోస్టర్లలో పుర్రె బొమ్మ ఉంది, సంకెళ్ళ బొమ్మ ఉంది. 64ఏ ఒక్క దాని మీదా లేదు.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు తీసి చదవండి. కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు, ఆపైన రెండేళ్ళ పొడిగింపు. మహిళలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. ఉండాల్సిందే. చికిత్స కోసం గడియారం ఆపే సెలవు అన్న మాట నాకు అందులో కనిపించలేదు. గుండె జబ్బుకైనా, డిప్రెషన్‌కైనా, వ్యసనానికైనా లేదు. మానడానికి సెమిస్టరు ఆగితే హాజరు పోతుంది, హాజరు పోతే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే మళ్ళీ షెడ్డే. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ 37,000 అయింది. కాగితం మీద మంచి మొత్తం. అది నెలనెలా రాదని, ఆరేసి నెలలు ఆగి వస్తుందని ఏ ఎస్సీ స్కాలర్‌ను అడిగినా చెబుతారు. రోహిత్ వేముల పోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందన్నది మనం మర్చిపోయే విషయం కాదు. అప్పు చేసి థీసిస్ రాసే మనిషికి నిద్ర ఎందుకు పట్టదో తెలుసుకోవడానికి సర్వే అవసరమా?

ఇప్పుడు బాకీ తీరుస్తాను. క్యాంపస్ ప్రగతిశీలురకు. గంజాయిని తిరుగుబాటుగా, వ్యవస్థ మీద ధిక్కారంగా చూపించే ఒక సంస్కృతి మన యూనివర్సిటీల్లో ఉంది. టెర్రస్ మీద, డాబా దగ్గర, గిటారు పక్కన. మొదటి సంవత్సరం వచ్చిన దళిత పిల్లవాడు ఇంగ్లీషు రాని బెరుకుతో ఒంటరిగా తిరుగుతుంటే, కులం అడగకుండా పక్కన కూర్చోబెట్టుకునే చోటు తరచూ అదొక్కటే. ఆ స్నేహం విలువ నాకు తెలుసు, అందుకే కోపం ఎక్కువ. సెమిస్టరు అయ్యాక ఆ గుంపులో కొందరు జూబ్లీహిల్స్‌కు పోతారు, కొందరు ఫారిన్ ఫెలోషిప్‌కు పోతారు. మనవాడు ఒక్కడే ఆ అలవాటుతో క్యాంపస్‌లో మిగులుతాడు. పోలీసులు వచ్చిన రోజు ఎవరి నాన్నకు ఫోన్ చేస్తే ఎవరు వదిలేస్తారో కూడా మనకు తెలుసు. ధిక్కారం ఖర్చు ఒకడే కడుతున్నప్పుడు దాన్ని ఉమ్మడి తిరుగుబాటు అనకండి.

మన ఉద్యమానికి కూడా. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పానీయాలు ముట్టనన్నది ఒకటి. మన సభల్లో దాన్ని చదువుతాం, తాగేవాడిని సిగ్గుపడేలా చేస్తాం, వాడు తర్వాతి సభకు రావడం మానేస్తాడు. బాబాసాహెబ్ జీవితంలోంచి నీతి ఒక్కటే తీసుకుని వసతిని వదిలేశాం. పరేల్ చాల్‌లోని ఇరుకు గదిలో తండ్రి రామ్‌జీ తాను మేలుకుని, కొడుకును రాత్రి రెండింటికి లేపి చదివించేవాడని జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. ఆ చదువు వెనక ఒక మనిషి రాత్రులు కరిగిపోయాయి. 1917లో, సూరత్ నుంచి రైల్లో రెండు గంటల దూరంలోని బరోడాలో, కొలంబియాలో చదివొచ్చిన ఆయనను అంటరానివాడని పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఉద్యోగం ఉండి, చదువు ఉండి, ఉండటానికి గది దొరక్క ఊరు వదిలి వెళ్ళాడు. ఆ కథను మనం అంటరానితనం కథగానే చెప్పుకుంటాం. గది లేకపోతే ఎంత తెలివైనా నిలబడలేదన్న కథ కూడా అది.

దూబగుంట ఆడవాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆ తల్లులు మొగుళ్ళ చేత ప్రతిజ్ఞ చేయించి ఊరుకోలేదు. సారా దుకాణం మీదికి పోయారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సర్కారే దాన్ని సడలించింది. మత్తు వెనక ఆదాయం ఉందని, ఆదాయం వెనక అధికారం ఉందని వాళ్ళు పలక మీద అక్షరాలు దిద్దుకుంటూనే కనిపెట్టారు. పీహెచ్‌డీలు చేస్తున్న మనం ఇంకా సంకల్పబలం గురించి మాట్లాడుతున్నాం.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, పెద్దవేం కావు. చికిత్సకు పోయిన నెలలు హాజరులో, పీహెచ్‌డీ గడువులో లెక్కపెట్టకూడదు. స్కాలర్‌షిప్ ఆపకూడదు. క్యాంపస్ కౌన్సెలర్ దగ్గర చెప్పిన మాట వార్డెనుకు, సూపర్‌వైజరుకు చేరకూడదు. చేరితే చర్య ఉండాలి. మూత్ర పరీక్షల ఆలోచన చెత్తబుట్టలో వెయ్యాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వ్యసన చికిత్స ఓపీ వారంలో రెండు రోజులైనా సాయంత్రం నడవాలి, కూలీ పోకుండా. మన వాళ్ళను అడగాల్సింది వేరే: ప్రతి పట్నంలో ఒక అంబేడ్కర్ భవన్ ఉంది, ఏప్రిల్ 14కీ డిసెంబర్ 6కీ తలుపులు తీస్తాం. మిగతా రోజుల్లో అందులో నాలుగు చాపలు, నాలుగు బల్లలు, ఒక ఫ్యాను వేయించలేమా? మానుతున్న పిల్లవాడు రెండు వారాలు పడుకోవడానికి, చదువుకోవడానికి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదన్నది ఒక్కటే షరతు.

బమ్రోలి తమ్ముడు నాలుగోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఇంటర్నల్స్ అయ్యాక, సెలవుల్లో, షెడ్డు మేస్త్రీతో పగటి షిఫ్టుకు మాట్లాడుకుని. వాళ్ళ అమ్మకు ముందే చెప్పి, పదిహేను రోజులు నేనేమన్నా పట్టించుకోకు అని. పాత పద్ధతిలో ఒక్కసారిగా కాకుండా నిద్ర వేళ ముందు సరిచేసుకుని, మధ్యాహ్నం తర్వాత చాయ్ మానేసి, చిలిం ఇచ్చే గదిలోంచి మకాం మార్చి. ఇవన్నీ వాడికి యూనివర్సిటీ చెప్పలేదు, ఫోన్లో ఒక కౌన్సెలర్ చెప్పింది. ఇది చదువుతున్నవాళ్ళలో అవసరమున్నవాళ్ళు రాసుకోండి: మత్తు నుంచి బయటపడటానికి సాయం 14446. మనసు బాగాలేకపోతే, నిద్ర పట్టకపోతే టెలీ మానస్, 14416. రెండూ ఉచితం. టెలీ మానస్‌లో భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, రాత్రి షిఫ్టు దిగిన పొద్దున ఏడింటికి కూడా.